“మంచిగనే ఉన్న” అనే సాక్ష్యం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, ఇంకా ఛాయ్ కూడా తాగకముందే, మా అక్క కొడుకు ఫీనిక్స్ నుంచి ఫోన్ చేశాడు. వాడికక్కడ శనివారం రాత్రి. ఎట్లున్నవ్, తాత ఎట్లున్నడు లాంటివేమీ లేకుండా నేరుగా విషయంలోకి వచ్చాడు.

“మామా, 12,500 అడుగుల దాకా ఆక్సిజన్ పెట్టుకునే పని లేదు గదా? ఆ పైన గూడ అరగంట దాకా నడుస్తది గదా?”

రెండూ నిజమే. వాడు పోయినేడే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు దోస్తులతో కలిసి సెస్నా 182 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని కొలరాడో కొండల మీదుగా తిరిగి రావాలని ప్లాన్. ఆక్సిజన్ సిలిండర్ అద్దె, దాన్ని నింపించే ఖర్చు, ముగ్గురికీ గొట్టాలు, ఇదంతా దండగ అని వాడి ఉద్దేశం. రూల్ కూడా వాడి పక్షమే. అయినా ఆక్సిజన్ లేకుండా పోవద్దన్నాను. నలభై నిమిషాలు కొట్లాడుకున్నాం. చివరికి “నువ్వు ఊకె భయపడతవ్ మామా” అని పెట్టేశాడు. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ కూడదీసుకుంటున్నాను.

వీడికి విమానాల పిచ్చి పట్టింది వరంగల్ పక్కన మామునూరులో. విమానాలు చూసి కాదు, విమానాలు లేని రన్‌వే చూసి. నిజాం కాలంలో కట్టిన ఆ ఎయిర్‌పోర్టు 1981లో మూతపడింది. ఖమ్మం రోడ్డు మీద పోయినప్పుడల్లా చిన్నప్పుడు వీడు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, అటు ఏమీ కనిపించకపోయినా చూసేవాడు. 2025లో దానికి మళ్ళీ అనుమతి వచ్చిన రోజు అమెరికా నుంచి మొదట ఫోన్ చేసింది వాడే. అయితే రేపు మామునూరులో దిగబోయే పెద్ద విమానాల్లో కూర్చునేవాళ్ళకు ఈ వ్యాసంతో పని లేదు. వాటిలో క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడిని యంత్రాలు కాపాడతాయి. విమానం ముప్పై అయిదు వేల అడుగుల మీద ఉన్నా లోపల ఎనిమిది వేల అడుగులకు మించని ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. సెస్నాలాంటి చిన్న విమానాల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. బయట ఎంత ఒత్తిడో లోపలా అంతే.

ఇక మన నేల సంగతి. వరంగల్ సముద్రమట్టానికి తొమ్మిది వందల అడుగుల ఎత్తున ఉంటుందేమో. ఈ పీఠభూమి మీద చిన్న విమానం నడిపేవాడికి నాలుగైదు వేల అడుగులు దాటి పోవాల్సిన అవసరం పెద్దగా రాదు. పలచటి గాలి మన ఒంటికి అనుభవంలో లేని సంగతి. మన పిల్లలు మాత్రం అమెరికా పోయి, ఉద్యోగం కుదురుకోగానే ఫ్లయింగ్ నేర్చుకుంటున్నారు. నేనూ అట్లా నేర్చుకున్నవాణ్ణే.

అయినా పలచటి గాలి గురించి నేను అసలు పాఠం నేర్చుకున్నది ఆకాశంలో కాదు, హన్మకొండలో, మా ఇంటి మంచం పక్కన.

2021 మే. నేను తిరిగొచ్చి అప్పటికి రెండేళ్ళు. కరోనా రోజులు. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కిందికి పోతే ప్రమాదమనేవాళ్ళు, ఆ నెలలో మన ఊళ్ళో ఆ అంకె తెలియనివాళ్ళు లేరు. మా బాపు మంచం మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 83 చూపించింది. మిషన్ చెడిపోయిందనుకుని నా వేలికి పెట్టుకున్నాను. 98. మళ్ళీ ఆయన వేలికి. 82.

“బాపూ, ఎట్లున్నది?”

“మంచిగనే ఉన్న. ఛాయ్ పెట్టుమను.”

ఆయాసం లేదు, ఆదుర్దా లేదు. పేపర్లో ఎడిటోరియల్ గురించి ఏదో విసుక్కున్నాడు కూడా. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. ఇప్పటికీ ఆ రోజు తనకేమీ కాలేదనీ, మేమే హడావిడి చేసి తీసుకుపోయి పడేశామనీ అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగానే బాగుంది. నా భయమంతా దాని గురించే.

ఊపిరి ఆడటం లేదన్న గుబులు పుట్టించేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గడం కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. నీళ్ళలో మునిగినవాడు గిలగిలలాడేది అందుకే. ఎత్తున పలచటి గాలిలో వదిలే ఊపిరికి అడ్డం ఏమీ లేదు. కార్బన్ డయాక్సైడ్ పోవాల్సిన దారిన పోతూనే ఉంటుంది. లోపలికి రావాల్సింది మాత్రం సరిపడా రాదు. గాలిలో ఆక్సిజన్ వంతు ఎక్కడైనా 21 శాతమే. దాన్ని రక్తంలోకి నెట్టే ఒత్తిడి తగ్గుతుంది. పది వేల అడుగుల దగ్గర సముద్రమట్టంలో ఉండే ఒత్తిడిలో పదింట ఏడు వంతులే మిగులుతుంది. పద్దెనిమిది వేల దగ్గర సగం. ఈ లోటును కనిపెట్టి చెప్పాల్సింది మెదడు. ఆ లోటుకు ముందు మందగించేదీ ఆ మెదడే.

అరగంట ఎవరు లెక్కపెట్టాలి?

అమెరికా రూల్ మా అల్లుడు చెప్పినట్టే ఉంది. 12,500 దాటి 14,000 దాకా ముప్పై నిమిషాలకు మించి ఉంటే పైలట్ ఆక్సిజన్ పెట్టుకోవాలి. 14,000 దాటితే ఉన్నంతసేపూ పెట్టుకోవాలి. 15,000 దాటితే విమానంలో ఉన్న ప్రతి మనిషికీ అందుబాటులో ఉంచాలి. ఆ రూల్ పెట్టిన అమెరికా విమానయాన శాఖే ఇంకో పుస్తకంలో సలహా కూడా ఇస్తుంది. పగలు పది వేల నుంచి, రాత్రి అయిదు వేల నుంచి పెట్టుకుంటే మంచిదని. రూల్ తప్పితే లైసెన్స్ పోవచ్చు, సలహా తప్పితే ఎవరూ అడగరు. కుర్రాళ్ళు దేన్ని గుర్తుపెట్టుకుంటారో వేరే చెప్పాలా?

ఆ ముప్పై నిమిషాల మాట చూసినప్పుడల్లా నాకు నా కథే గుర్తొస్తుంది.

2016 అక్టోబర్. అప్పుడు డెన్వర్‌లో ఉండేవాణ్ణి. గ్రాండ్ జంక్షన్ నుంచి నేనూ మా ఆవిడా ఒక సెస్నా 182లో తిరిగొస్తున్నాం. ఎత్తు 13,500. డెన్వర్ చేరే ముందు దాటాల్సిన కనుమ పేరు కరోనా పాస్ (ఆ మాటకు అప్పటికి మనకెవరికీ వేరే అర్థం తెలియదు). 12,500కు పైన ఇరవై అయిదు నిమిషాలకు మించి ఉండకుండా లెక్కేసుకున్నాను. సిలిండర్ తీసుకోలేదు. అవసరం లేదు కదా.

నాకు గుర్తున్నది ఏమిటంటే, ఆ రోజు చాలా హాయిగా ఉంది. కొండల మీద కొత్త మంచు, నీలం ఆకాశం, ఇంజన్ చప్పుడు కూడా తీయగా వినిపించడం. కింద నుంచి రేడియోలో దారి చెప్పే కంట్రోలర్ కొత్త ఫ్రీక్వెన్సీ చెప్పాడు, తిరిగి అప్పజెప్పాను. కాదన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కాదన్నాడు. నాకు నవ్వొచ్చింది. “ఎందుకట్ల నవ్వుతున్నరు?” అంది మా ఆవిడ. ఆమెకు అప్పటికే తలనొప్పి. నాకు మాత్రం ఆ కంట్రోలర్‌కే చెవుడేమో అనిపించింది.

తొమ్మిది వేలకు దిగాక తొడకు కట్టుకున్న కాగితం వైపు చూశాను. మొదటి నాలుగు వరుసలు నా రాతే. ఆ తర్వాతవి ఒకటో తరగతి పిల్లవాడి పలక మీద రాతలా ఉన్నాయి. అసలు సంగతి అది కాదు. 12,500 దాటగానే టైమ్ రాసుకోవాలని ఒక గడి గీసి పెట్టుకున్నాను. ఆ గడి ఖాళీగా ఉంది. అరగంట లెక్క నేను మొదలే పెట్టలేదు. ఇంటికొచ్చి జీపీఎస్ రికార్డు తీసి చూస్తే నలభై ఒక్క నిమిషాలు. రూల్ పాటిస్తున్నానని పూర్తిగా నమ్ముతూ రూల్ తప్పాను.

ఆ గడియారం చూడాల్సిన మనిషికే ఆ గాలిలో చూపు మందగిస్తుంది. దొంగ చేతికే తాళం ఇచ్చినట్టుంటుంది ఈ లెక్క. అందుకే ఇప్పుడు నా మాట ఒక్కటే. ఆక్సిజన్ ఎప్పుడు పెట్టుకోవాలన్నది పైన ఆలోచించే విషయం కాకూడదు. నేల మీద, కడుపునిండా గాలి పీల్చుకుంటున్నప్పుడే ఒక అంకె అనుకోవాలి. ఆ అంకె రాగానే, ఎంత బాగున్నా, అక్కర్లేదనిపించినా పెట్టుకోవాలి. నా అంకె పగలు పది వేలు.

ఎక్కిందా, ఎక్కలేదా

మా దిక్కు కల్లు తాగినవాణ్ణి “ఎక్కిందా?” అని అడుగుతారు. ఎక్కినవాడు ఏనాడూ ఎక్కిందనడు. “నాకేం ఎక్కలే, నీకే ఎక్కింది” అంటాడు, సైకిల్ తాళం కోసం అంగి జేబులో కాకుండా తాటిచెట్టు మొదట్లో వెతుకుతూ. గుట్ట ఎక్కడానికీ మత్తు ఎక్కడానికీ మన భాషలో ఒకటే మాట ఉండటం నాకు భలే నచ్చుతుంది.

నాకు ఎక్కితే ఎట్లుంటుందో తెలుసుకుందామని తర్వాతి ఏడు ఒక ఎయిర్ షోలో ఆ విమానయాన శాఖవాళ్ళు పెట్టిన గుడారంలోకి పోయాను. ఒత్తిడి తగ్గించరు, గాలిలో ఆక్సిజన్ వంతు తగ్గిస్తారు. పాతిక వేల అడుగుల మీద ఉన్నట్టు. ఆ ఎత్తులో మనిషికి పనికొచ్చే తెలివి మూడు నుంచి అయిదు నిమిషాలే ఉంటుందని పుస్తకాల లెక్క. కాగితం, పెన్ను ఇచ్చి ఏదైనా లెక్క చేస్తూ ఉండమన్నారు. నేను పదిహేడో ఎక్కం రాయడం మొదలుపెట్టాను. మా సారు బెత్తంతో నేర్పిన ఎక్కం, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏడ్లు నూట పంతొమ్మిది. ఆ తర్వాతా నూట పంతొమ్మిది. ఆ తర్వాతా నూట పంతొమ్మిదే. ఎంత చక్కగా సాగుతోందో అని సంబరపడుతూ రాశాను.

“మాస్క్ పెట్టుకో” అన్నారు. విన్నాను. అర్థమైంది. మాస్క్ ఒళ్ళోనే ఉంది. చేయి మాత్రం కదలలేదు. వాళ్ళే వచ్చి పెట్టారు. రెండు మూడు గుక్కలు పీల్చగానే దీపం పెద్దది చేసినట్టు గుడారమంతా వెలుగొచ్చింది. అక్కడి ఉపయోగం ఏమిటంటే, ఈ లక్షణాలు మనిషి మనిషికీ వేరు గానీ, ఒకే మనిషికి చాలామటుకు అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. నావి చెవులు వేడెక్కడం, కారణం లేని సంతోషం. (విమానంలో నాకు మరీ సంతోషంగా ఉంటే మా ఆవిడ ఇప్పటికీ అనుమానంగా చూస్తుంది.)

ఒళ్ళో ఉన్న మాస్క్ అందుకోలేకపోవడం నాతో మొదలైంది కాదు. 1875 ఏప్రిల్ 15న పారిస్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్ళు జెనిత్ అనే బెలూన్ ఎక్కారు. ఆక్సిజన్ కలిపిన సంచులు వాళ్ళతోనే ఉన్నాయి. కొంచెమే ఉంది కాబట్టి నిజంగా అవసరమయ్యేదాకా దాచుకుందామనుకున్నారు. ఎనిమిది వేల మీటర్లు దాటింది బెలూన్. తర్వాత గాస్తోన్ టిస్సాందియే ఒక్కడే బతికి నేలకు దిగాడు. అతనికీ చెవుడు వచ్చింది. మిగతా ఇద్దరూ, క్రోసే-స్పినెల్లీ, సివెల్, బుట్టలోనే చనిపోయారు. గొట్టం అందుకుందామనుకుంటే చేయి లేవలేదని అతనే రాశాడు. ఆ ఎత్తులో బాధ ఉండదనీ, లోపలేదో ఆనందం పొంగుతున్నట్టు ఉంటుందనీ కూడా రాశాడు. “అవసరమైనప్పుడు పెట్టుకుంటాం” అనే మాట వినగానే నాకు ఆ సంచులు గుర్తొస్తాయి. మా అల్లుడూ ఫోన్‌లో సరిగ్గా ఆ మాటే అన్నాడు.

లేహ్‌లో మనుషులు లేరా?

వాడి ఎదురు ప్రశ్నలు తీసిపారేసేవి కావు. లేహ్ ఎయిర్‌పోర్టే పది వేల ఆరు వందల అడుగుల పైన ఉంది, అక్కడ మన జవాన్లు బతకడం లేదా అన్నాడు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కలేదా అన్నాడు. పూర్ణ పేరు ఎత్తితే మన జిల్లాల్లో ఎవరైనా వాదన ఆపాల్సిందే, నేనూ ఒక నిమిషం ఆగాను.

కానీ లేహ్‌లో దిగినవాళ్ళను మొదటి ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకోమంటారు. కొండ ఎక్కేవాళ్ళు వారాల తరబడి కొంచెం ఎక్కి, కొంచెం దిగి ఒంటిని అలవాటు చేస్తారు. ఊపిరి వేగం పెరుగుతుంది, మూత్రపిండాలు రక్తాన్ని ఆ వేగానికి తగ్గట్టు సర్దుతాయి, ఎర్ర కణాలు పెరుగుతాయి. అంత చేసినా ఎవరెస్ట్ శిఖరానికి పోయేవాళ్ళలో దాదాపు అందరూ ఆక్సిజన్ పెట్టుకునే పోతారు. సెస్నా మనిషిని అరగంటలో పదమూడు వేలకు తీసుకుపోతుంది. మూత్రపిండాలకు కబురు అందే టైమ్ కూడా ఉండదు. నేను డెన్వర్‌లో అయిదు వేల అడుగుల మీద ఏళ్ళ తరబడి ఉండి కూడా ఆ కాగితం అట్లా రాశాను. ఫీనిక్స్ ఇంచుమించు వరంగల్ ఎత్తే.

ఇంకో సాక్ష్యం వాడి ఇన్‌స్ట్రక్టర్. నలభై ఏళ్ళుగా ఆ కొండల మీద ఏమీ పెట్టుకోకుండా తిరుగుతున్నాడట, ఏనాడూ ఏమీ కాలేదట. కాకపోయి ఉండవచ్చు. నా సందేహం వేరే. ఏమీ కాలేదని ఆయనకెట్లా తెలుసు? ఆ కాగితం, పక్కన మా ఆవిడ, జీపీఎస్ రికార్డు, ఈ మూడూ లేకపోతే ఆ అక్టోబర్ ప్రయాణం నా జ్ఞాపకంలో కూడా హాయిగా సాగిన ప్రయాణమే. మా బాపు జ్ఞాపకంలో 2021 మే ఉన్నట్టు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది. ఆక్సిజన్ ఉంది కదా అని మనిషి ఇంకా పైకి పోడా? పదకొండు వేల మీద ఏదీ లేకుండా పోయేవాడికంటే, సిలిండర్ ధైర్యంతో పదిహేడు వేలకు పోయి అక్కడ గొట్టం మడతపడితే వాడి ప్రమాదమే ఎక్కువ. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గొట్టంలో గాలి పారుతోందో లేదో చూపే చిన్న బుడ్డిని పది నిమిషాలకొకసారి చూడటం, కింద దిగడానికి చోటు లేని కొండల మీద అంత ఎత్తు పెట్టుకోకపోవడం. ఇంతే చెప్పగలను. ముక్కు ఎండిపోతుంది, నిజమే. అట్లాగని వాజిలిన్ పూసుకుని ఆక్సిజన్ పెట్టుకోవద్దు, అంటుకునే ప్రమాదం ఉంది.

వేలికి పెట్టే మిషన్

“సరే, ఆక్సీమీటర్ పెట్టుకుంట. 90 కిందికి పోతే అప్పుడు పెట్టుకుంట” అన్నాడు చివరికి. ఇది నా పాత వాదనే. బాపు సంగతి అయ్యాక కొన్నాళ్ళు ఆ మిషన్‌ను దేవుడిలా చూశాను. ఇప్పుడు అంత భక్తి లేదు.

అది ఏం చెబుతుందో మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ లెక్కలో చెబుతాను. మిర్చి అంటే ఆక్సిజన్, లారీలంటే దాన్ని మోసే ఎర్ర కణాలు అనుకోండి. మిర్చి లారీలు గేటులోంచి వస్తుంటే, గేటు దగ్గర కూర్చున్నవాడు ప్రతి లారీ ఎంత నిండి ఉందో చూసి “98 శాతం” అని రాస్తాడు. ఎన్ని లారీలు వచ్చాయో రాయడు. రక్తం తక్కువున్న మనిషికి లారీలే తక్కువ. అన్నీ నిండుగానే వస్తాయి, మార్కెట్‌కు సరుకు మాత్రం చాలదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. పక్క సీట్లో కూర్చున్న దోస్తు వేలికి 95 చూపించినంత మాత్రాన ఆమె బాగున్నట్టు కాదు.

పైగా గేటు దగ్గరివాడు టార్పాలిన్ ఎత్తి చూడడు. లోపల మిర్చి ఉందో ఊక ఉందో తెలియదు. చిన్న విమానంలో హీటర్ ఇంజన్ పొగగొట్టం వేడితోనే పని చేస్తుంది. దానికి పగులు వస్తే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరి, ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. ఈ మిషన్ రెండింటికీ తేడా కనిపెట్టలేదు, చల్లగా 98 చూపిస్తుంది. దానికి వేరే డిటెక్టర్ కావాలి. చలికి వేళ్ళు గడ్డకట్టినా, గోళ్ళకు రంగున్నా అంకె తప్పుతుంది. 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు చూస్తే, మిషన్ బాగుందని చూపించినా రక్తంలో నిజంగా ఆక్సిజన్ తగ్గి ఉండటం తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళలో దాదాపు మూడింతలు తేలింది. మన చర్మం రంగు చూసుకుని నేను ఆ సంగతి మరిచిపోను.

ఇంకొకటి, ఆ అంకె మెట్లు మెట్లుగా దిగేది కాదు. భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నట్టు చాలాసేపు చదునుగా ఉండి, 90 దగ్గర అంచు దాటగానే జారుడే. 90 కిందికి వచ్చాక పెట్టుకుంటానంటే జారడం మొదలయ్యాక చెట్టుకొమ్మ కోసం వెతకడమే.

అయితే మిషన్ వద్దని అనను. దాని మాట ఒక వైపే నమ్ముతాను. తక్కువ చూపిస్తే నమ్మి, వెంటనే గొట్టం పెట్టుకుని కిందికి దిగు. ఎక్కువ చూపిస్తే, అనుకున్న ఎత్తులో పెట్టుకోవాల్సింది పెట్టుకోకుండా ఉండటానికి దాన్ని సాకుగా వాడకు. బాపు వేలికి 83 వచ్చినప్పుడు మిషన్‌ను నమ్మాను, బాపును నమ్మలేదు. అదే 98 వచ్చి, ఆయన మాటలు తడబడుతూ ఉంటే అప్పుడు బాపునే నమ్మాలి.

బుధవారం వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. సిలిండర్ అద్దెకు దొరికిందట, ముగ్గురూ పంచుకుంటే పిజ్జా ఖర్చంత కూడా కాదట. పది వేలకు ముగ్గురూ పెట్టుకుంటారట. నేను సంతోషపడేలోపే ఇంకో ప్రశ్న వేశాడు.

“మరి రాత్రిపూట అయిదు వేల నుంచే పెట్టుకోమన్నరు గదా మామా. నువ్వు డెన్వర్‌ల ఉన్నప్పుడు రాత్రి తిరిగినవ్ గదా. పెట్టుకున్నవా?”

అక్కడ రన్‌వేనే అయిదు వేల అయిదు వందల పైన ఉంటుంది. ఆ సలహా ప్రకారం చీకటి పడ్డాక విమానాన్ని ఇంకా నేల మీద నడిపిస్తున్నప్పుడే గొట్టం ముక్కుకు ఉండాలి. ముందు పోయేది రంగుల తేడా, చీకట్లో చూపు. మనిషికి అది తెలియను కూడా తెలియదు. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ళు ఊరి దీపాలు ఒక్కసారిగా కాంతిమంతమయ్యాయని చెబితేనే అంతదాకా మసకగా ఉన్నాయని తెలుస్తుంది. ఆరేళ్ళలో ఎన్నో రాత్రులు తిరిగాను.

“పెట్టుకోలే” అన్నాను.

“మరి?”

‘ఏం కాలే’ అనబోయి నోరు మూసుకున్నాను.